ముంబయి దారిలో డీజిల్ పొదుపు: పికప్ బండి గల కుటుంబాలు గమనించవలసిన విషయాలు

నిజాం రాజ్యం నుండి కూలిపనులకై వలస వెళ్లిన తెలుగు కామాటీలు స్థిరపడినందువల్లనే ముంబయిలోని కామాటిపురకు ఆ పేరు వచ్చింది. అక్కడి సందులలోనూ, వర్లీ, లోయర్ పరేల్ చాళ్లలోనూ తరతరాలుగా తెలుగు కుటుంబాలు నివసిస్తున్నాయి. ఆ చాళ్లకూ సరిహద్దు గ్రామాలకూ మధ్య ఇంటి సామాను, బియ్యం బస్తాలు, బట్టల మూటలు చేరవేయుటకు చిన్న డీజిల్ పికప్ బండ్లు ఎంతో అనువైనవి. సందు ఇరుకైనా లోపలికి వెళ్లగలవు. సామాను గుమ్మం ముందే దించగలవు.

అయితే ఇటువంటి బండి చాలావరకు అప్పు మీద కొన్నదై ఉంటుంది. కిస్తీ మారదు, టోలు తగ్గదు, కిరాయి ముందే మాట్లాడుకున్నది. యజమాని చేతిలో మిగిలేది డీజిల్ ఖర్చు ఒక్కటే.

లెక్క ఎంత?

ముంబయి నుండి పుణె, షోలాపూర్, ఉమర్గా, హుమ్నాబాద్ మీదుగా జహీరాబాద్‌కు సుమారు 600 కిలోమీటర్లు. బండి లీటరుకు 12 కిలోమీటర్లు ఇస్తే ఒకవైపు 50 లీటర్లు పడుతుంది. అదే 14 ఇస్తే 43 లీటర్లు చాలు. రానుపోను 14 లీటర్ల తేడా. లీటరు 90 రూపాయలనుకున్నా ఒక్క ప్రయాణానికి 1,260 రూపాయలు మిగులుతాయి. నెలకు నాలుగు ప్రయాణాలు చేసే ఇంటికి ఇది 5,040 రూపాయలు.

వేగమే మొదటి శత్రువు

రహదారిపై డీజిల్‌ను ఎక్కువగా హరించేది గాలి. వేగం పెరిగిన కొద్దీ గాలి నిరోధం వేగపు వర్గం చొప్పున పెరుగుతుంది. అనగా 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న నిరోధం 80కి చేరేసరికి దాదాపు 78 శాతం అధికమవుతుంది. కాలంలో లాభమెంత? 300 కిలోమీటర్ల దూరాన్ని 60 వేగంతో వెళితే 5 గంటలు, 80తో వెళితే 3 గంటల 45 నిమిషాలు. ఆ గంటంబావు కోసం లీటర్ల కొద్దీ డీజిల్ గాలిపాలవుతుంది. పుణె దాటిన తర్వాత 65వ నంబరు జాతీయ రహదారిపై (ఇది పూర్వపు 9వ నంబరు రహదారి) 60 ప్రాంతంలో నిలకడగా నడపడం ఉత్తమం.

సామాను ఎత్తుగా పేర్చినా ఇదే నష్టం. మంచాలు, బీరువాలు నిలబెట్టక పడుకోబెట్టి, వీలైనంతవరకు క్యాబిన్ ఎత్తుకు మించకుండా సర్ది, టార్పాలిన్‌ను బిగుతుగా కట్టవలెను. గాలికి కొట్టుకొనే టార్పాలిన్ బండిని వెనక్కు లాగుతుంది.

ఘాటు ఎక్కుటకు ఎంత?

స్వగ్రామానికి వచ్చేటప్పుడు ఖోపోలీ నుండి లోణావళాకు సుమారు 550 మీటర్ల ఎత్తు ఎక్కవలసి ఉంటుంది. డీజిల్‌లోని శక్తిలో మూడోవంతు మాత్రమే చక్రాలకు చేరుతుంది. ఆ లెక్కన సామానుతో కలిపి 3 టన్నులుండే బండిని అంత ఎత్తుకు చేర్చడానికే సుమారు లీటరున్నర ఖర్చవుతుంది. అదనంగా 200 కిలోలు వేస్తే మొత్తం దారిలో మరో లీటరు పైగా పడుతుంది. లీటరేగదా అని కొందరు తలపవచ్చు. కాని అధిక బరువు వల్ల అసలు నష్టం టైర్లకూ, బ్రేకులకూ, జరిమానాలకూ సంబంధించినది. ఆర్.సి.లో వ్రాసిన బరువు దాటరాదు. సామాను మీద మనుషులను కూర్చోబెట్టి తీసుకువెళ్లడం ఎంతమాత్రం తగదు.

న్యూట్రల్ అనే ప్రమాదం

ముంబయి వైపు వెళ్లేటప్పుడు ఇదే ఘాటు దిగుడు. అక్కడ గేరు తీసి న్యూట్రల్‌లో జారవిడిస్తే డీజిల్ మిగులుతుందన్న నమ్మకం డ్రైవర్లలో ఉంది. ఇది పొరపాటు. న్యూట్రల్‌లో ఇంజను ఆగిపోకుండా ఉండుటకు డీజిల్ తాగుతూనే ఉంటుంది. గేరులో ఉంచి యాక్సిలరేటరు పూర్తిగా వదిలితే చక్రాలే ఇంజనును తిప్పుతాయి. అప్పుడు డీజిల్ సరఫరా ఆగిపోతుంది. అంతేగాక ఇంజనే బండిని అదుపులో ఉంచుతుంది. న్యూట్రల్‌లో భారమంతా బ్రేకులపై పడి అవి కాలిపోతాయి. వేడెక్కిన బ్రేకు పట్టదు. ఇంజను ఆపి దిగడం మరింత ఘోరం. బ్రేకుకూ, స్టీరింగుకూ ఇంజను అందించే సాయం కూడా పోతుంది. ఎక్కుటకు ఏ గేరు కావలెనో దిగుటకూ అదే గేరు అన్న పాత సూత్రం నేటికీ మేలు.

చిన్న జాగ్రత్తలు

టైర్లలో గాలిని బయలుదేరే ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే, కంపెనీ సూచించిన మేరకు పట్టించవలెను. లోడుకు వేరే కొలత ఉంటే దానినే పాటించవలెను. గాలి శోధనిని సకాలంలో శుభ్రపరచవలెను లేదా మార్చవలెను. పాత బండి నల్లటి పొగ వదులుతున్నదంటే డీజిల్ పూర్తిగా కాలడం లేదని గ్రహించవలెను. సందులో సామాను ఎక్కించేంతసేపు ఇంజను ఆపవలెను. 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన బి.ఎస్.-6 బండ్లలో కిరోసిన్ కలిసిన చౌక డీజిల్ పోయిస్తే ఇంజెక్టర్లు, పొగగొట్టంలోని శుద్ధి పరికరాలు చెడిపోతాయి. మిగిలిన సొమ్ముకు అనేక రెట్లు మెకానిక్కుకు చెల్లించవలసి వస్తుంది.

కొలిచి చూడండి

మైలేజీని ఊహతో చెప్పరాదు. ట్యాంకు నిండుగా పోయించి మీటరు అంకెను వ్రాసుకోవాలి. ఊరు చేరిన తర్వాత మళ్లీ నిండుగా పోయించి, నడిచిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించాలి. ఒక ప్రయాణం అలవాటైన వేగంతోనూ, మరొకటి అదే బరువుతో 60 వేగంతోనూ చేసి చూస్తే తేడా తెలిసిపోతుంది. ఇంట్లో చదువుకునే పిల్లలచేత ఈ లెక్క వేయించడం మంచిది. ప్రతి ప్రయాణానికీ నోటుపుస్తకంలో ఒక వరుస వ్రాస్తూ పోతే, మైలేజీ హఠాత్తుగా పడిపోయిననాడు బండిలో లోపం ఉన్నదని అందరికంటె ముందు ఆ పుస్తకమే చెబుతుంది.