కుటుంబ ఛాయాచిత్రాల డిజిటల్ ప్రతులు: డుంబ్రిగుడ కొండగ్రామాల దృష్టితో కొన్ని సూచనలు

తాళపత్ర గ్రంథాల సేకరణలోను, పరిష్కరణలోను ప్రాచ్య కళాశాలల వారికి తరతరాల అనుభవం ఉన్నది. ప్రతి చేతికి రాగానే పండితుడు మొదట దాని చివరి ఆకు చూస్తాడు. వ్రాయసకాని పేరు, సంవత్సర మాస తిథులు, ఎవరి నిమిత్తం వ్రాసినదీ అక్కడ దొరికే అవకాశం ఉన్నది. ఇళ్లలోని పాత ఛాయాచిత్రాలను స్కాన్ చేసి భద్రపరచే పనికి ఈ అనుభవం నేరుగా ఉపకరిస్తుంది. అయితే ఆచరణలో తరచుగా జరిగేది వేరు. బొమ్మ కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది; బొమ్మలోని మనిషి ఎవరో ఎక్కదు. అరకులోయ నుంచి పాడేరు పోయే దారిలోని డుంబ్రిగుడ మండల గ్రామాలను దృష్టిలో ఉంచుకొని ఈ పనిలోని పూర్వాపరక్రమాన్ని వివరించడం ఈ వ్యాసోద్దేశం.

కొండప్రాంతాల ఛాయాచిత్రాలకు ఒక చరిత్ర ఉన్నది. ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో చాలా చిత్రాల కింద తెగపేరు తప్ప వ్యక్తి పేరు లేదు. చిత్రంలోని మనిషి ఒక జాతికి నమూనాగా నిలిచాడే కాని ఫలానావాని కుమారుడుగా, ఫలానా ఊరివాడుగా నిలువలేదు. 1940 దశకంలో హైదరాబాదు రాజ్యంలోని చెంచులను, కొండరెడ్లను, గోండులను పరిశీలించిన హైమెన్‌డార్ఫ్ తీసిన ఛాయాచిత్రాలు లండన్‌లోని సోయాస్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. ఇవన్నీ బయటివారు తీసిన చిత్రాలు. ఇంటివారు తామై తీయించుకొని, దాచుకొన్నవి వేరొక కోవకు చెందుతాయి. తమిళనాట స్టూడియో చిత్రాలను పుదుచ్చేరి ఫ్రెంచి సంస్థ, బ్రిటిష్ లైబ్రరీ వారి అపాయస్థితిలోని పత్రభాండాగారాల పథకం సహాయంతో డిజిటల్ రూపంలోకి మార్చినది. ఆ పనికి కుటుంబ చిత్రాలే ప్రధాన వస్తువు కావడం గమనింపదగినది.

కొండగ్రామాల్లో ఆల్బమ్ ఉన్న ఇంటినే వెదకరాదు. చాలా ఇళ్లలో అవ్వ రూపం మిగిలేది గుర్తింపు పత్రం మీదనే. ఎన్నికల సంఘం 1993లో ఫొటో గుర్తింపు కార్డులను ప్రవేశపెట్టినది. 2006లో మొదలైన ఉపాధి హామీ పథకంలో జాబ్ కార్డుల మీద ఫొటోలు అంటించారు. ఇటువంటి ఫొటోను పత్రం నుంచి ఊడదీయడం తగదు. పత్రమంతటినీ స్కాన్ చేయవలె. ముఖం మీద సగం పడిన కార్యాలయ ముద్రను తుడిచివేయకూడదు. కాలనిర్ణయానికి అదే ఆధారం. పత్రం మీది సంఖ్యలు కనిపించే ప్రతిని మాత్రం ఇంటివారికి తప్ప ఇతరులకు ఇవ్వరాదు.

స్కానర్ తెరవడానికి ముందు చేయవలసినది అడగడం. ఇక్కడ పేర్లు ఒక చిక్కు తెస్తాయి. ఈ ప్రాంతపు ఇంటిపేర్లు గోత్రచిహ్నాలను తెలుపుతాయి: కిల్లో అనగా పులి, కొర్రా అనగా సూర్యుడు, పాంగి అనగా గద్ద, వంతాల అనగా పాము. వ్యక్తినామాలు తరచు పుట్టిన వారాన్ని బట్టి వస్తాయి. సోంబారి, బుద్రా, సుక్రా వంటివి ఆ కోవలోనివి. అందువల్ల ఒకే ఇంటిపేరు, ఒకే పేరు గల మనుషులు ఒక్క గూడెంలోనే పలువురు ఉండవచ్చు. పేరు ఒక్కటే వ్రాస్తే ఎవరినీ గుర్తించినట్లు కాదు. తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన ఊరు, మెట్టిన ఊరు, చెప్పినవారు ఎవరు, వారికి ఆ మనిషి ఏమవుతారు అనే వివరాలు చేరవలె. బంధుత్వ పదాన్ని వెంటనే తెలుగు చేయడం మంచిది కాదు. కువిలో చెప్పినా, ఆదివాసీ ఒడియాలో చెప్పినా ఆ మాటను ఉన్నదున్నట్లుగా తెలుగు లిపిలో వ్రాసి, అర్థం పక్కన చేర్చవలె. వృద్ధులు చెప్పేటప్పుడు ఫోన్‌లో ధ్వనిముద్రణ చేస్తే మరీ మేలు. ఫొటోను వచ్చే ఏడాదైనా స్కాన్ చేయవచ్చు. చెప్పగల మనిషి వచ్చే ఏడాదికి ఉంటారని అనుకోలేము.

ఊరి పేరు విషయంలోను జాగ్రత్త అవసరం. గుడ, వలస, పుట్టు అనే పదాలతో ముగిసే పేర్లు పలుచోట్ల పునరావృతం అవుతాయి కనుక పంచాయతీ పేరు కూడా ఉండవలె. మండలాలు ఏర్పడినది 1985లో. ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లా నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చినది 2022 ఏప్రిల్‌లో. 1960 నాటి ఫొటో వెనుక ‘విశాఖపట్నం జిల్లా’ అని ఉంటే దానిని దిద్దకూడదు. నేటి చిరునామా వేరుగా వ్రాసుకొనవలె.

ఇక వస్తువు సంగతి. నలుపు తెలుపు ఫొటోలో బొమ్మను మోసేది వెండి రేణువులు. వాటిని పట్టి ఉంచేది జెలటిన్ పొర. జెలటిన్ తేమకు ఉబ్బి మెత్తబడుతుంది. రెండు ఋతుపవనాల వానలు, శీతకాలపు మంచు గల ఈ కొండల్లో పటం కట్టిన ఫొటో అద్దానికి అంటుకొనిపోవడం ఇందువల్లనే. అంటుకొన్న ఫొటోను లాగితే ముఖం అద్దం మీద మిగిలిపోతుంది. దానిని అద్దంతో సహా స్కాన్ చేయడమే మార్గం. పలుచని చౌక స్కానర్లలో అద్దం మందానికి బొమ్మ మసకబారుతుంది. అటువంటప్పుడు కెమెరాతో, వెలుతురు రెండు పక్కల నుంచి ఏటవాలుగా పడేటట్లు చూసి తీయవలె. పటం అద్దం మీద పెద్దలకు పెట్టిన కుంకుమ, గంధం బొట్లు ఉంటే ఇంటివారి అనుమతి లేనిదే తుడవరాదు. మొదట బొట్టుతోనే ఒక ప్రతి తీయడం ఉత్తమం.

పటాలు విప్పే పని వానలు వెనుకబట్టిన తరువాత, పొడిగా ఉన్న రోజుల్లో పెట్టుకొనవలె. దుమ్మును, పొయ్యి పొగమసిని మెత్తని పొడి కుంచెతో అంచుల వైపు తోలవలె. నీరు, తడిగుడ్డ పనికిరావు. బూజు పట్టిన వాటిని వేరు చేసి పొడిచోట ఆరనిచ్చిన తరువాతనే, బయట గాలిలో, ముక్కుకు గుడ్డ కట్టుకొని తుడవవలె. తాళపత్రాలకు నిమ్మగడ్డి నూనె రాసే అలవాటు గలవారు ఆ అలవాటును ఇక్కడికి తేకూడదు. ఆకుకు ప్రాణం పోసే నూనె ఫొటో మీద చెరగని మరక అవుతుంది. మైదా జిగురుతో అట్టకు అంటించిన ఫొటోలను రామబాణపు పురుగులు వెదకి తింటాయి. అయినను అట్టను చీల్చకూడదు, ఎందుకంటే స్టూడియో పేరు సాధారణంగా అట్ట మీదనే ఉంటుంది. లామినేషన్ చేసిన వాటి పొరను విప్పబూనడం వృథా, అపాయకరం.

స్కాన్ చేసేటప్పుడు నలుపు తెలుపు ఫొటోను కూడా రంగుల్లోనే తీయవలె. పసుపుదనం, మరకలు ఆ వస్తువు వయస్సును చెబుతాయి. మామూలు ఫొటోలకు అంగుళానికి 600 చుక్కలు, పాస్‌పోర్టు పరిమాణం గలవాటికి 1200, చిన్న నెగెటివ్‌లకు 2400 లేదా అంతకు మించి చాలినంత. మూలప్రతిని టిఫ్ రూపంలో దాచవలె. నాలుగు, ఆరు అంగుళాల ఫొటో 600 చుక్కలతో రంగుల్లో తీస్తే సుమారు 26 మెగాబైట్లు అవుతుంది. వెనుకభాగంతో కలిపి వేయి ఫొటోలు 52 గిగాబైట్లలో ఇముడుతాయి. వెనుక ఏమీ వ్రాసి లేకున్నా తీయవలె. కాగితం మీది కంపెనీ ముద్ర కాలనిర్ణయానికి తోడ్పడుతుంది.

యంత్రం తనంత తాను చేసే మెరుగులన్నీ ఆపివేయవలె. చినిగిన ముఖాన్ని పూరించే, రంగులు దిద్దే కృత్రిమ మేధ సాధనాలు నేడు ఫోన్‌లలోనే ఉన్నాయి. అవి చేసేది పరిష్కరణ కాదు, పాఠకల్పన. శిథిలమైన పద్యపాదంలో తన మాటలు పెట్టి కవివేనని చలామణి చేసిన లేఖకునికి, లేని కన్నును గీసి ఇదే మీ తాత అని చూపే యంత్రానికి భేదం లేదు. ఇంటివారు కోరితే దిద్దిన ప్రతి ఇవ్వవచ్చును. అది దిద్దినదని పేరులోనే తెలియవలె.

ప్రతి ఫొటోకు ఒక సంఖ్య. కవరు మీద, ఫైలు మీద, పట్టికలో అదే సంఖ్య. ముందుభాగం 0001అ, వెనుకభాగం 0001ఆ అయితే చాలును. ఫొటో వెనుక బాల్‌పెన్నుతో వ్రాయరాదు. ఒత్తిడికి అక్షరాలు ముఖం మీదికి తేలుతాయి. వివరాల పట్టికను యూనికోడ్‌లోనే టైపు చేయవలె. అను ఫాంట్లతో కూర్చిన పాత వ్యాసాలను నేటి కంప్యూటర్‌లో తెరచి, లిపి తెలియని శాసనం ముందు నిలబడినట్లు నిలబడినవారు మనలో చాలామంది ఉన్నారు. ఆ పట్టికను కాగితం మీద అచ్చుతీసి ఫొటోల పెట్టెలోనే ఉంచడం అవసరం.

ప్రతులు మూడు ఉండవలె: రెండు వేరువేరు సాధనాల మీద, వాటిలో ఒకటి వేరే ఊరిలో. ఇంట్లో ఒక హార్డ్‌డిస్క్, కళాశాలలో ఒకటి, మూడవది అంతర్జాల నిల్వలో ఉండవచ్చును. కొండమీద సంకేతం సరిగా అందనిచోట, పట్నం వచ్చినప్పుడే దానిని ఎక్కించవలె. పెన్‌డ్రైవ్ మోసుకొనిపోవడానికే కాని దాచడానికి కాదు. పెండ్లి సీడీలున్నా వాటిని చదివే యంత్రం లేని ఇళ్లు ఎన్నో. హార్డ్‌డిస్క్‌ను ఏటా ఒకసారి తెరచి చూసి, ఐదేళ్ల లోపున కొత్తదానిలోకి మార్చవలె. వాట్సాప్‌లో సాధారణ పద్ధతిన పంపిన చిత్రం కుదించబడుతుంది. దానిని మూలప్రతిగా లెక్కించరాదు.

అసలు ఫొటోలు స్కాన్ అయిన వెంటనే ఇంటివారికి చేరవలె. ఆమ్లం లేని కాగితపు కవర్లు దొరకకుంటే పాలిప్రొపిలీన్ సంచులు వాడవచ్చు. పీవీసీ ఆల్బమ్‌లు, జిగురుపేజీల ఆల్బమ్‌లు, కలరా ఉండలు వద్దు. పెట్టెను అటక మీద, పొయ్యికి ఎగువన ఉంచకూడదు. నేలకు కొంత ఎత్తున, లోపలి గోడకు దగ్గరగా ఉంచవలె. పటాన్ని మళ్లీ కట్టేటప్పుడు అద్దానికి, ఫొటోకు నడుమ నాలుగు అంచుల వెంట అట్టముక్కలు పెట్టి ఎడం ఉంచవలె. గోడకు వెనుకవైపు గాలి ఆడేటట్లు కింద రెండు చిన్న కార్కు ముక్కలు అంటించి, పెద్దలు ఎక్కడ చూడగోరితే అక్కడ, వానజల్లు పడని గోడకు వ్రేలాడదీయవలె.