టైరు చెప్పినంతే ఎత్తు

పికప్ ట్రక్కును నేలకు దూరంగా లేపడానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, సస్పెన్షన్‌ను మార్చి ఛాసిస్‌ను ఇరుసుల మీద మరింత పైకి జరపడం. దీన్ని సస్పెన్షన్ లిఫ్ట్ అంటారు. రెండోది, పెద్ద టైర్లు వేయడం. దూరం నుంచి చూస్తే రెండింటి ఫలితం ఒకేలా కనిపిస్తుంది గానీ అవి చేసే పనులు వేరు. చాలా పికప్‌లలో వెనుక ఇరుసు మధ్య ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ హౌసింగే నేలకు బాగా దగ్గరగా ఉంటుంది. రాయి తగిలేదీ, బురదలో కూరుకుపోయేదీ ముందుగా అదే. నాలుగంగుళాల లిఫ్ట్ వేసినా ఆ హౌసింగ్ వెంట్రుకవాసి కూడా పైకి లేవదు. దాన్ని లేపగలిగింది టైరు ఒక్కటే. అందువల్ల ఎంపిక టైరుతో మొదలవ్వాలి. ఆ టైరు ఎక్కడా రాసుకోకుండా తిరగడానికి ఎంత చోటు అవసరమో అంతే లిఫ్ట్ వేయాలి. ముందు ఎత్తు నిర్ణయించుకుని ఆ తర్వాత టైర్లు వెతికితే డబ్బు ఖర్చవడమే కాదు, బండి నడకా చెడుతుంది.

ఈ సరదాకు పుట్టినిల్లు అమెరికా. సెయింట్ లూయిస్‌కు చెందిన బాబ్ చాండ్లర్ తన 1974 నాటి ఫోర్డ్ ఎఫ్-250ని లేపుతూ, టైర్లు పెంచుతూ పోయి దాన్ని ‘బిగ్‌ఫుట్’గా మార్చాడు. 1981లో అది పాత కార్ల మీదికెక్కి వాటిని నుజ్జు చేయడంతో మాన్‌స్టర్ ట్రక్కుల సందడి మొదలైంది. అయితే రోజూ రోడ్డెక్కే బండికి ఆ పోటీ బండ్లు ఆదర్శం కావు. అమెరికాలో విరివిగా అమ్ముడయ్యే ఫోర్డ్ ఎఫ్-150ని ఉదాహరణగా తీసుకుంటే లెక్కలన్నీ తేటగా అర్థమవుతాయి.

టైరు మీది అంకెలు

ఎఫ్-150కి కంపెనీ ఇచ్చే సైజుల్లో 265/70 ఆర్ 17 ఒకటి. ఇందులో 265 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 70 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం, అంటే 185.5 మిల్లీమీటర్లు. 17 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. పక్కగోడ ఎత్తును రెట్టించి రిమ్ము వ్యాసం కలిపితే టైరు మొత్తం ఎత్తు సుమారు 803 మిల్లీమీటర్లు, అంటే 31.6 అంగుళాలు.

దీని బదులు 285/70 ఆర్ 17 వేస్తే ఎత్తు 831 మిల్లీమీటర్లు అవుతుంది. వాడుకలో దీన్ని 33 అంగుళాల టైరంటారు. తేడా 28 మిల్లీమీటర్లున్నా అందులో సగం టైరు పైభాగానికి పోతుంది. ఇరుసు కింద కలిసొచ్చేది 14 మిల్లీమీటర్లే. 35 అంగుళాల టైరు వేస్తే 43 మిల్లీమీటర్లు కలిసొస్తుంది. ఈ అంకె చిన్నదిగా కనిపించినా రాళ్ల దారిలో ఇరుసు తగలడానికీ తగలకపోవడానికీ మధ్య తేడా అదే.

ఎత్తు తర్వాత చూడాల్సింది రకం. వారానికి ఆరు రోజులు తారురోడ్డు మీద తిరిగి ఏడో రోజు మట్టిదారి పట్టే బండికి ఆల్ టెరైన్ టైరు సరిపోతుంది. లోతైన గళ్లుండే మడ్ టెరైన్ టైరు బురదలో పట్టు ఇస్తుంది గానీ హైవే మీద హోరెత్తుతుంది, తడిరోడ్డు మీద బ్రేకు కొడితే ఎక్కువ దూరం జారుతుంది, త్వరగా అరుగుతుంది. మంచు కురిసే ప్రాంతాల వారు పక్కగోడ మీద మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచురేకు గుర్తు ఉందో లేదో చూసుకోవాలి. మంచులో పట్టు పరీక్ష నెగ్గిన టైరుకే ఆ గుర్తు ఉంటుంది.

సైజుకు ముందు ‘ఎల్‌టీ’ అని ఉంటే అది బరువు బండ్ల కోసం చేసిన టైరు. ‘పీ’ అని ఉంటే కార్ల కొలమానంతో చేసింది. పీ రకాన్ని పికప్‌కు వాడితే దాని భార సామర్థ్యాన్ని 1.1తో భాగించి లెక్కగట్టాలన్నది అమెరికాలో నియమం. ఎల్‌టీ టైరు గట్టిది, అంతే బరువైనది కూడా. కంపెనీ వేసిన పీ టైరు సుమారు 17 కిలోలుంటే, ‘ఈ’ తరగతి భారశ్రేణిలోని 33 అంగుళాల ఎల్‌టీ టైరు 25 కిలోల దాకా ఉంటుంది. పైగా అంతే బరువు మోయడానికి ఎల్‌టీ టైరుకు గాలి ఎక్కువ కావాలి. తలుపు అంచున అంటించిన చీటీలోని అంకె పాత టైరుకు రాసింది. అలాగని పక్కగోడ మీదున్న గరిష్ఠ అంకె దాకా కొట్టించడమూ తప్పే. భారాల పట్టిక చూసి గాలి కొట్టించాక టైరు మీద అడ్డంగా సుద్దముక్కతో గీత గీసి, చదునైన రోడ్డు మీద కొద్ది దూరం నడపాలి. మధ్యలోనే సుద్ద చెరిగితే గాలి ఎక్కువైనట్టు, అంచుల్లోనే చెరిగితే తక్కువైనట్టు, అంతటా సమంగా చెరిగితే సరిపోయినట్టు.

గేరు, బ్రేకు, స్పీడోమీటరు

పెద్ద టైరు ఒక చుట్టుకు ఎక్కువ దూరం వెళ్తుంది. 31.6 నుంచి 35 అంగుళాలకు మారితే ఆ తేడా దాదాపు 10.7 శాతం. స్పీడోమీటరు 65 మైళ్లు చూపిస్తున్నప్పుడు బండి నిజానికి 72 మైళ్ల వేగంతో పోతుంటుంది. తిరిగిన దూరం కూడా తక్కువగా నమోదవుతుంది కాబట్టి, మైలేజీ ఉన్నదానికంటే దారుణంగా పడిపోయినట్టు కనిపిస్తుంది. బండి కంప్యూటర్‌లో కొత్త టైరు కొలత నమోదు చేయించడం తప్పనిసరి.

గేరు లెక్క కూడా ఇలాంటిదే. వెనుక ఇరుసు నిష్పత్తి 3.55 ఉన్న బండికి 35 అంగుళాల టైర్లు వేస్తే అది 3.21 నిష్పత్తి ఉన్నట్టు నడుస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, ట్రైలర్ లాగేటప్పుడు ఇంజిన్ నీరసపడుతుంది, గేర్‌బాక్స్ మాటిమాటికీ గేర్లు మారుస్తూ వేడెక్కుతుంది. పాత సత్తువ తిరిగి రావాలంటే సుమారు 3.93 నిష్పత్తి కావాలి. ఫోర్డ్ 2010 మోడల్‌గా రాప్టర్‌ను విడుదల చేసినప్పుడు 35 అంగుళాల టైర్లతో పాటు 4.10 నిష్పత్తి గేర్లు, ఎక్కువ కదలికనిచ్చే షాక్ అబ్జార్బర్లు, వెడల్పాటి చక్రాల ఎడం కలిపి ఇచ్చింది. ఆ టైరు అడిగే మార్పుల జాబితా ఎంత పెద్దదో తయారీదారు లెక్కే చెబుతోంది. ఫోర్‌వీల్ డ్రైవ్ బండిలో గేర్లు మార్చాలంటే ముందు, వెనుక డిఫరెన్షియల్స్ రెండింటిలోనూ మార్చాలి. ఆ ఖర్చు టైర్ల ఖర్చును దాటిపోవచ్చు. బ్రేకుల మీద కూడా భారం పెరుగుతుంది. బరువైన చక్రాన్ని ఆపాలి, అదీ పెరిగిన వ్యాసార్ధం మీద పనిచేసే బలానికి ఎదురు నిలిచి ఆపాలి.

లిఫ్ట్‌లో రకాలు

బాడీ లిఫ్ట్‌లో ఛాసిస్‌కూ బాడీకీ మధ్య దిమ్మలు పెడతారు. సస్పెన్షన్ జోలికి పోరు. టైరుకు చోటు దొరుకుతుంది గానీ ఛాసిస్ ఉన్నచోటే ఉంటుంది.

లెవలింగ్ కిట్ అన్నింటికంటే చవక. ఖాళీ పికప్ ముందువైపు కాస్త వంగి ఉంటుంది. సరుకు పడితే వెనుక దిగి సమం కావాలని కంపెనీ అలా చేస్తుంది. స్ట్రట్ మీద ఒక స్పేసర్ పెట్టి ముందుభాగాన్ని ఒకటిన్నర, రెండంగుళాలు లేపడమే ఈ కిట్ పని. చక్రానికీ స్ట్రట్‌కూ మధ్య మీట సూత్రం పనిచేస్తుంది కాబట్టి, పైన ఒక అంగుళం స్పేసర్ పెడితే చక్రం దగ్గర సుమారు రెట్టింపు ఎత్తు వస్తుంది. అయితే తరచూ బరువులు మోసే బండికి లెవలింగ్ చేస్తే సరుకు ఎక్కగానే వెనుక కుంగి, హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలో పడతాయి.

రెండు, మూడంగుళాల లిఫ్ట్‌కు స్పేసర్ కంటే కొత్త స్ప్రింగులు, వాటికి తగిన షాక్ అబ్జార్బర్లు మేలు. ముందు చక్రాలు విడివిడిగా కదిలే బండిలో పెద్ద స్పేసర్ పెట్టి, చక్రం గోతిలోకి పూర్తిగా వేలాడినప్పుడు కిందికి వంగి చూస్తే జరిగే నష్టం కంటికి కనిపిస్తుంది. పై కంట్రోల్ ఆర్మ్ స్ప్రింగు చుట్టను తాకి, ఆ చోట పెయింటు లేచి ఇనుము మెరుస్తుంటుంది. చక్రానికి ఇంజిన్ బలాన్ని అందించే సీవీ జాయింటు మీది రబ్బరు తొడుగు మడతలు ఒకదానికొకటి రాసుకుంటుంటాయి. ఆ తొడుగు చిట్లితే గ్రీజు రిమ్ము లోపలంతా చిమ్ముతుంది. గ్రీజు పోయి ఇసుక చేరాక మలుపు తిప్పినప్పుడల్లా టకటకమని చప్పుడు వస్తుంది. కొత్త కోణాలకు తగ్గట్టు చేసిన పై కంట్రోల్ ఆర్మ్‌లు వేస్తే ఆర్మ్ స్ప్రింగుకు తగలదు, బాల్ జాయింటు కోణం కుదురుకుంటుంది. సీవీ కోణాన్ని మాత్రం లిఫ్ట్‌ను మితంగా ఉంచుకునే కాపాడుకోవాలి.

నాలుగు, ఆరంగుళాల కిట్లలో ముందు డిఫరెన్షియల్‌నూ దాన్ని మోసే క్రాస్‌మెంబర్‌నూ కిందికి దించి, చక్రాన్ని పట్టి ఉంచే నకిల్స్ పొడవైనవి వేస్తారు. కోణాలు సరిపోతాయి గానీ, లేపడానికి ఇంత చేశాక ఆ భాగాలు మళ్లీ నేలవైపే దిగుతాయి. రామ్ 2500, ఫోర్డ్ సూపర్ డ్యూటీ వంటి బండ్ల ఫోర్‌వీల్ డ్రైవ్ రకాలకు ముందు కూడా గట్టి ఇరుసే ఉంటుంది. వాటిని లేపితే ఇరుసు ఒక పక్కకు జరుగుతుంది. దాన్ని నడిమికి తేవడానికి పొడవు సర్దగలిగే ట్రాక్ బార్ కావాలి.

వెనుక కమాన్ పట్టీలకూ ఇరుసుకూ మధ్య దిమ్మ పెట్టడం తేలిక మార్గం. దిమ్మ ఎత్తు పెరిగేకొద్దీ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇరుసు మెలితిరిగి పట్టీలు వంకర పోతాయి. అదనపు పట్టీ చేర్చడం దానికంటే నయం, కొత్త కమాన్ కట్ట అన్నిటికంటే మేలు. ముందు ఇరుసుకు మాత్రం దిమ్మలు ఎప్పుడూ పెట్టకూడదు. అవి బ్రేకు బలానికి జారితే స్టీరింగ్ చేతిలో ఉండదు.

రాసుకునే చోట్లు

టైరు ఎక్కడ రాసుకుంటుందన్నది ఎత్తుతో పాటు రిమ్ము ఆఫ్‌సెట్ మీదా, అంటే చక్రం ఎంత బయటికి ఉంటుందన్నదాని మీదా ఆధారపడి ఉంటుంది. చక్రం బయటికి పొడుచుకొస్తే లోపల కంట్రోల్ ఆర్మ్‌కు దూరమవుతుంది గానీ, స్టీరింగ్ తిప్పినప్పుడు మరింత పెద్ద వలయంలో తిరిగి వెనుకనున్న బాడీ మౌంటుకూ ముందు బంపర్ అంచుకూ తగులుతుంది. బేరింగుల మీద భారమూ పెరుగుతుంది. నిలబడి ఉన్న బండిలో తగలకపోతే చాలదు. ఒక పక్క చక్రాన్ని దిమ్మె మీదికెక్కించి, సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడాలి. వెనక్కి నడుపుతూ కూడా చూడాలి.

ఒరిగే ప్రమాదం

ఎత్తు పెరిగిన ప్రతి అంగుళానికీ మూల్యం ఉంది. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వాడే స్థిరత్వ సూచీ సులభమైనది. చక్రాల ఎడాన్ని, గరిమనాభి ఎత్తుకు రెట్టింపు చేసిన అంకెతో భాగిస్తే అది వస్తుంది. ఎడం 68 అంగుళాలు, గరిమనాభి ఎత్తు 28 అంగుళాలు అనుకుంటే సూచీ 1.21. లిఫ్ట్, టైర్లు కలిసి గరిమనాభిని ఐదంగుళాలు పైకి జరిపితే అది 1.03కి పడిపోతుంది. 2001లో ఆ సంస్థ తెచ్చిన నక్షత్రాల పట్టికలో మొదటిది మూడు నక్షత్రాల బండి, రెండోది ఒక్క నక్షత్రం బండి. అమెరికాలో 2012 మోడళ్ల నుంచి తేలికపాటి వాహనాలన్నింటికీ తప్పనిసరి చేసిన ఎలక్ట్రానిక్ స్థిరత్వ నియంత్రణ కూడా కంపెనీ ఇచ్చిన ఎత్తుకే సర్దినది. లిఫ్ట్ చేసిన బండి ఆ నియంత్రణ వ్యవస్థ పరీక్షలో నెగ్గిందని చెప్పగలిగే కిట్‌నే ఎంచుకోవాలి. ముందున్న వాహనాన్ని పసిగట్టే కెమెరా, రాడార్‌లను కూడా తిరిగి సర్దించాలి.

చట్టం గీసిన గీత

అమెరికాలో బంపర్ ఎత్తు, హెడ్‌లైట్ల ఎత్తు నిబంధనలు రాష్ట్రానికో తీరుగా ఉంటాయి. ముందు లేపి వెనుక కుంగదీసే ‘కరోలినా స్క్వాట్’ పోకడకు నార్త్ కరోలినా 2021 డిసెంబరు 1 నుంచి అడ్డుకట్ట వేసింది. వెనుక మడ్‌గార్డు కంటే ముందుది నాలుగంగుళాలు, అంతకు మించి ఎత్తుంటే నేరం. వారంటీ విషయంలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం కొనుగోలుదారుకు అండ. బయటి భాగం బిగించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు కాదు. అయితే ఆ భాగం వల్లే చెడిపోయిందని తేలితే ఆ మరమ్మతు ఖర్చు యజమానిదే.

భారత్‌లో పరిస్థితి వేరు. శ్రీసిటీలో 2016లో ప్రారంభమైన కర్మాగారం నుంచి వచ్చిన ఇసుజు వీ-క్రాస్, 2022లో వచ్చిన టయోటా హైలక్స్ వంటి బండ్లు కొన్నవారికీ బండిని లేపాలన్న ఆశ సహజమే. కానీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టం చేసింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పికప్ యజమానికి కంపెనీ ఆ మోడల్‌కు ఆమోదించిన సైజుల్లోనే మంచి ఆల్ టెరైన్ టైర్లు ఎంచుకోవడం క్షేమం. ఇంకేం మార్చాలన్నా ముందే రవాణా శాఖ అధికారిని, బీమా సంస్థను అడగాలి.

ఎవరికి ఎంత

హైవే మీద తిరుగుతూ అప్పుడప్పుడు మట్టిదారి పట్టే బండికి కంపెనీ సైజు ఆల్ టెరైన్ టైర్లు చాలు, లిఫ్ట్ అక్కర్లేదు. అడవిదారులు, గుట్టలు, మంచు తరచూ ఎదురైతే 33 అంగుళాల టైర్లు, కొత్త స్ప్రింగులతో రెండు, మూడంగుళాల లిఫ్ట్ సరైన జోడీ. 35 అంగుళాలంటే గేర్లు, బ్రేకులు, స్టీరింగ్ భాగాలు అన్నీ కలిపి బడ్జెట్ వేసుకోవాలి. అంత పెట్టలేకపోతే ఆ సైజు వద్దనుకోవడమే మేలు. ట్రైలర్ లాగే బండిని వీలైనంత తక్కువ లేపాలి.

బిగించిన రోజుతో పని పూర్తి కాదు. లిఫ్ట్ వేస్తే స్టీరింగ్ ఇరుసు వాలు అయిన క్యాస్టర్ కోణం తగ్గి బండి రోడ్డు మీద అటూ ఇటూ తూలుతుంది కాబట్టి, వీల్ అలైన్‌మెంట్ వెంటనే చేయించాలి. చక్రాలు వేలాడినప్పుడు బ్రేకు పైపులు, ఏబీఎస్ తీగలు బిగుసుకోకుండా ఉన్నాయో లేదో చూడాలి. హెడ్‌లైట్లను కిందికి సర్దాలి. స్టెప్నీ కూడా కొత్త సైజుదే ఉండాలి. ఫోర్‌వీల్ డ్రైవ్‌లో ఒక్క టైరు ఎత్తు తేడా ఉన్నా ముందు, వెనుక ఇరుసులకు బలాన్ని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు నలిగిపోతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యూ-బోల్టులను, కంట్రోల్ ఆర్మ్ బోల్టులను, చక్రాల నట్లను టార్క్ రెంచీతో మళ్లీ బిగించాలి.