బిట్‌కాయిన్ దాచుకోవడమంటే ఏం దాచుకోవాలి?

2018 డిసెంబరులో జైపూర్‌లోని ఒక ఆసుపత్రిలో జెరాల్డ్ కాటన్ అనే కెనడా యువకుడు చనిపోయాడు. వయసు 30. కొత్తగా పెళ్లయి భార్యతో కలిసి మన దేశానికి వచ్చినవాడు. అంతకుముందే ఉన్న క్రోన్స్ వ్యాధి ఇక్కడ ముదిరింది. కెనడాలో క్వాడ్రిగాసీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజీని నడిపించింది ఇతనే. అందులో డబ్బు పెట్టినవాళ్లు దాదాపు 76,000 మంది, వాళ్లకు రావలసింది సుమారు 21.5 కోట్ల కెనడా డాలర్లు. నాణేలున్న వాలెట్ల రహస్యాలు కాటన్ ఒక్కడికే తెలుసని, అతనితోపాటే అవీ పోయాయని మొదట చెప్పారు.

తర్వాత కోర్టు తరఫున లెక్కలు చూసినవాళ్లు ఆ వాలెట్ల చిరునామాలు పట్టుకున్నారు. చూస్తే ఏముంది, కాటన్ పోవడానికి నెలల ముందునుంచే అవి ఖాళీ. దొంగ పేర్లతో ఖాతాలు తెరిచి, లేని నిల్వలు ఉన్నట్టు రాసుకుని, జనం నాణేలతో వ్యాపారం చేసి పోగొట్టాడని 2020లో ఒంటారియో సెక్యూరిటీస్ కమిషన్ తేల్చింది. తాళంచెవి పోయిందన్నది కట్టుకథ. అసలు సంగతి, ఆ తాళంచెవి ఖాతాదారుల చేతిలో ఏనాడూ లేకపోవడం.

ఇందులో ఒక విశేషముంది. చిరునామా తెలిస్తే చాలు, వాలెట్‌లో ఎంతుందో ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చు. అందులోంచి తీయాలంటే మాత్రం కీ కావాలి. కొత్తగా కొనేవాళ్లకు చెప్పే జాగ్రత్తల్లో చాలావరకు ఈ ఒక్క విషయంలోంచే పుట్టుకొస్తాయి.

బిట్‌కాయిన్ మీ ఫోన్లో ఉండదు, ఎక్స్ఛేంజీ కంప్యూటర్లోనూ ఉండదు. ఊరి చావడి గోడమీద అందరికీ కనబడేలా రాసిపెట్టిన జమాఖర్చు లాంటి చిట్టా ఒకటుంది. దాని నకళ్లు ప్రపంచమంతటా వేల కంప్యూటర్లలో ఉన్నాయి. 2009 జనవరి 3న మొదలైన ఆ చిట్టాలో సగటున పది నిమిషాలకొక పుట చేరుతుంది. ఫలానా చిరునామా కింద ఇంత ఉంది అన్న రాత తప్ప వేరే నాణెమంటూ లేదు. ఆ రాతను మార్చాలంటే, అంటే ఎవరికైనా పంపాలంటే, ఆ చిరునామాకు చెందిన ప్రైవేట్ కీతో సంతకం చేయాలి. వాలెట్ యాప్ చేసే పనల్లా చిట్టా చదవడం, సంతకం పెట్టడం.

ప్రైవేట్ కీ అంటే ఒక సంఖ్య. రూపాయి బిళ్ళను 256 సార్లు ఎగరేసి, బొమ్మ పడితే 1, బొరుసు పడితే 0 అని రాసుకుంటూ పోతే వచ్చేది ఇలాంటి సంఖ్యే. ఇలా రాగల సంఖ్యలెన్నో లెక్కేస్తే ఆ లెక్కకే 78 అంకెలుంటాయి. ఒకరికి వచ్చిన సంఖ్య ఇంకొకరికి యాదృచ్ఛికంగా తగులుతుందేమోనన్న బెంగ అక్కర్లేదు. ప్రైవేట్ కీ నుంచి పబ్లిక్ కీని, దాన్నుంచి చిరునామాను లెక్కగట్టడం కంప్యూటర్‌కు క్షణంలో పని. వెనక్కి, అంటే పబ్లిక్ కీ నుంచి ప్రైవేట్ కీకి, ఇప్పుడున్న కంప్యూటర్లతో వెళ్లే దారి లేదు. భద్రత అంతా ఈ ఒకవైపు గణితం మీదే నిలబడింది, చిక్కూ అక్కడే ఉంది. పాస్‌వర్డ్ మరిచిపోయానని మొరపెట్టుకోవడానికి బ్రాంచి మేనేజరు ఉండడు. స్టెఫాన్ థామస్ అనే ప్రోగ్రామరు కీలు దాచిన పెన్‌డ్రైవ్‌లో 7,002 బిట్‌కాయిన్లకు దారుంది, పాస్‌వర్డ్ రాసుకున్న కాగితం పోయింది. పది తప్పులకు తనంతట తాను మూసుకుపోయే ఆ పరికరం మీద ఎనిమిది ప్రయత్నాలు అయిపోయాయని 2021లో పత్రికలు రాశాయి.

ఇంత పొడవైన సంఖ్యను చేత్తో రాసుకోమంటే ఎవరైనా ఎక్కడో ఒకచోట తప్పుతారు. అందుకే 2013లో బిప్-39 అనే ప్రమాణం వచ్చింది. ఇందులో 2,048 మామూలు ఇంగ్లీషు మాటల జాబితా ఉంటుంది. మొదటి నాలుగు అక్షరాలు చూస్తే ఏ మాటో తెలిసిపోయేలా వాటిని ఏరారు. ఒక్కో మాట 11 బిట్లకు, అంటే బిళ్ళను 11 సార్లు ఎగరేయడానికి సమానం. 12 మాటలంటే 132 బిట్లు: 128 యాదృచ్ఛికంగా పుట్టినవి, మిగతా నాలుగు తప్పు పట్టుకోవడానికి. మీరు జాబితాలోంచి తోచిన పన్నెండు మాటలు ఏరి వరసగా పెడితే, పదహారింట పదిహేనుసార్లు వాలెట్ ఒప్పుకోకపోవడానికి కారణం ఆ నాలుగు బిట్లే. కొన్ని వాలెట్లు 24 మాటలిస్తాయి, సూత్రం అదే.

ఈ మాటల్లోంచే మీ కీలన్నీ పుడతాయి. కాబట్టి ఫోన్ పగిలినా, యాప్ తీసేసినా, ఆ యాప్ చేసిన కంపెనీయే మూతపడినా నష్టం లేదు. అదే ప్రమాణం పాటించే మరో వాలెట్‌లో అదే వరసలో కొడితే అంతా తిరిగి వస్తుంది. అయితే ఆ పని మీరే చేయాలని లేదు. మాటలు ఎవరి కంటపడితే వాళ్లు చేయగలరు.

మాటలు వాలెట్ పుట్టించినవే వాడాలి, సొంతంగా కల్పించుకోకూడదు. తొలిరోజుల్లో కొందరు పాట పల్లవినో, పుస్తకంలోని వాక్యాన్నో కీగా మార్చుకునేవారు. గుర్తుంటుంది కదా అని. అలాంటి వాక్యాలను కోట్లకొద్దీ ప్రయత్నించి చూడడం ఎంత తేలికో 2015లో డెఫ్‌కాన్ సభలో ర్యాన్ కాస్టెలూచి అనే పరిశోధకుడు చూపించాడు. మనిషి మనసుకు తోచింది యాదృచ్ఛికం కాదు. ఒక్కోసారి ప్రోగ్రాముకు తోచిందీ కాదు: 2023లో లిబ్‌బిట్‌కాయిన్ అనే ప్రసిద్ధ సాధనంలో లోపం బయటపడింది. అది పుట్టించే మాటల వెనక 128 బిట్లో 256 బిట్లో ఉండాల్సింది, ఉన్నవి 32 బిట్లే. అంటే సుమారు 430 కోట్ల అవకాశాలు. వినడానికి పెద్ద సంఖ్యే కానీ మామూలు కంప్యూటర్‌కు కొన్ని రోజుల పని. దొంగలు అన్నీ వరసగా వెతికి వాలెట్లు ఊడ్చేశారు. ఆ లోపంతో పుట్టే మాటల్లో మొట్టమొదటి వరస 'మిల్క్ శాడ్' అని మొదలవుతుంది కాబట్టి దానికదే పేరు స్థిరపడింది. అందరూ పరీక్షించిన, కోడ్ బహిరంగంగా ఉన్న పాత వాలెట్లను ఎంచుకోమనేది ఇందుకే. అలా ఎంచుకున్నా పూర్తి హామీ లేదని ఈ ఉదంతమే చెబుతోంది.

మాటలను కాగితం మీద, అంకెలు వేసి, మీ చేత్తో రాసుకోండి. ఫోటో తీయకండి. మీకు మీరే వాట్సాప్ పంపుకోకండి. గ్యాలరీలోని ఫోటోల్లో అక్షరాలు చదివి ఇలాంటి మాటలు దొరికితే దొంగలకు పంపే స్పార్క్‌క్యాట్ అనే దొంగ ప్రోగ్రాము, గూగుల్, యాపిల్ అధికారిక స్టోర్లలోని యాప్‌లలోనే నక్కి ఉందని 2025లో కాస్పర్‌స్కీ సంస్థ కనిపెట్టింది. ఇక కాగితానికి చెదలున్నాయి, వానలున్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్ని ఇళ్ల బీరువాలు నీళ్లలో నానాయో చూశాం. రెండు ప్రతులు, రెండు వేర్వేరు ఇళ్లలో ఉండాలి. మొత్తం పెద్దదైతే మాటలు చెక్కుకునే స్టీలు పలకలు దొరుకుతాయి. చెక్కడం మాత్రం మీరే చేసుకోవాలి, దుకాణంలో ఇవ్వకూడదు.

ఇక కొనడం. మన దేశంలో క్రిప్టో చెల్లుబాటు కరెన్సీ కాదు, నిషిద్ధమూ కాదు. బ్యాంకులు దీని జోలికి వెళ్లవద్దని 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్‌ను 2020 మార్చి 4న సుప్రీంకోర్టు కొట్టేసింది. 2023 మార్చి నుంచి ఎక్స్ఛేంజీలు మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి, ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌లో నమోదు కావాలి. ఖాతా తెరిచే ముందు ఆ నమోదు ఉందో లేదో చూడండి. నమోదు ఉన్నంత మాత్రాన మీ సొమ్ముకు బీమా ఉన్నట్టు కాదు. ఇంకొకటి కూడా చూడాలి: కొన్న నాణేలను మీ సొంత వాలెట్‌కు పంపుకోనిస్తారా? పంపుకోనివ్వని చోట మీరు కొనేది ధర మీద పందెం మాత్రమే.

పన్ను సంగతి కొనకముందే తెలియాలి. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం, దానిపై సెస్సు. అదే ఏడాది జులై నుంచి అమ్మకం విలువ మీద ఒక శాతం టీడీఎస్. అంతకన్నా దెబ్బ కొట్టే నిబంధన వేరే ఉంది. బిట్‌కాయిన్‌లో లక్ష రూపాయలు లాభం, మరో నాణెంలో లక్ష నష్టం వచ్చిందనుకోండి. మీ చేతికి మిగిలింది సున్నా. పన్ను మాత్రం 30,000 కట్టాలి, సెస్సు అదనం. నష్టాన్ని లాభంలోంచి తీసేయనివ్వరు, వచ్చే ఏడాదికి మోసుకెళ్లనివ్వరు. ఒక నాణెం ఇచ్చి మరొకటి తీసుకున్నా అమ్మినట్టే లెక్క. రోజూ కొంటూ అమ్ముతూ ఉండేవాళ్లు ఏడాది చివర ఆదాయపన్ను పత్రం ముందు కూర్చున్నప్పుడు దీని రుచి చూస్తారు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ లెక్క వర్తించదు. అక్కడ నష్టాన్ని లాభంలో తీసేయొచ్చు, ఏడాది దాటి ఉంచుకుంటే పన్ను రేటు తగ్గుతుంది.

ఎక్స్ఛేంజీ బయట తెలియని మనిషి దగ్గర కొని యూపీఐలో డబ్బు పంపడం, అమ్మి పంపించుకోవడం వద్దు. అవతలివాడు పంపింది సైబర్ మోసంలో కొట్టేసిన డబ్బయితే పోలీసులు స్తంభింపజేసేది మీ బ్యాంకు ఖాతాని. లాభాలు కళ్లముందే పెరుగుతున్నట్టు చూపించే టెలిగ్రామ్ గ్రూపుల యాప్‌లు మరో రకం. అక్కడ డబ్బు వెనక్కి తీసుకోబోతే 'ముందు పన్ను కట్టండి' అంటారు. ఆ మాట వినబడిందంటే ఇక రూపాయి కూడా పంపకుండా 1930కి ఫోన్ చేయాలి.

కొన్నాక ఎక్స్ఛేంజీలోనే ఉంచాలా, సొంత వాలెట్‌కు తెచ్చుకోవాలా? 2024 జులై 18న వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజీ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన నాణేలు కొట్టేశారు, ఆ సంస్థ దగ్గరున్న నిల్వల్లో సగానికి కాస్త తక్కువ. పలువురు సంతకాలు చేస్తేగానీ కదలని వాలెట్ అది. ఖాతాదారులు ఏడాదికి పైగా తమ నాణేలను తాకలేకపోయారు. ఈ కథ విని అందరూ వెంటనే సొంత వాలెట్‌కు మారాలంటారు కొందరు. నేను అంతదూరం వెళ్లను. ఐదారు వేలతో నేర్చుకుంటున్నవాళ్లకు ఎక్స్ఛేంజీ దివాలా కన్నా సొంత మతిమరుపే పెద్ద ప్రమాదం. పోతే నిద్రపట్టనంత మొత్తం అయినప్పుడు మారితే చాలు. ఎక్స్ఛేంజీలో ఉన్నంతకాలం లాగిన్‌కు ఎస్సెమ్మెస్ ఓటీపీ బదులు, 30 సెకన్లకోసారి మారే అంకెలిచ్చే ఆథెంటికేటర్ యాప్ పెట్టుకోండి. మీ పేరుతో నకిలీ సిమ్ తీసినవాడికి ఓటీపీ దొరుకుతుంది, ఆ అంకెలు దొరకవు.

పంపేటప్పుడు చిరునామాను కాపీ చేసి అతికించాక మొత్తం సరిచూడాలి. కాపీ చేసిన చిరునామాను దొంగ చిరునామాతో మార్చేసే వైరస్‌లున్నాయి. మీ పాత లావాదేవీల్లో కనబడే చిరునామాకు మొదలూ చివరా సరిపోయే నకిలీని తయారుచేసి, దాన్నుంచి మీకు చిల్లర పంపి, మీరు పొరపాటున దాన్నే కాపీ చేసేలా వల వేసేవాళ్లూ ఉన్నారు. నెట్‌వర్క్ ఎంచుకోవడం మరో గండం: యూఎస్‌డీటీ అనే ఒకే నాణెం ఇథీరియం నెట్‌వర్క్ మీదా ఉంటుంది, ట్రాన్ నెట్‌వర్క్ మీదా ఉంటుంది. అవతలివైపు ఏ నెట్‌వర్క్ తీసుకుంటారో కనుక్కుని ముందు కొద్దిగా పంపి, అందిందని రూఢి చేసుకున్నాకే మిగతాది పంపాలి. రెండోసారి రుసుము పడుతుందని వెనకాడకండి.

హార్డ్‌వేర్ వాలెట్ అంటే సంతకం పెట్టడానికి మాత్రమే పుట్టిన చిన్న పరికరం. ప్రైవేట్ కీ దానిలోంచి బయటికి రాదు. కంప్యూటర్ లావాదేవీని పంపుతుంది, పరికరం సంతకం చేసి తిప్పి పంపుతుంది. కంప్యూటర్లో వైరస్ ఉన్నా కీ దానికి దొరకదు. కాకపోతే మీరు దేనిమీద సంతకం చేస్తున్నారో పరికరం తెర మీద చదవాలి. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ అనే ఎక్స్ఛేంజీ నుంచి సుమారు 150 కోట్ల డాలర్ల ఈథర్ నాణేలు పోయింది అక్కడే. సంతకాలు చేసినవాళ్ల కంప్యూటర్ తెరమీద మామూలు బదిలీ కనబడింది, పరికరాలకు చేరింది వేరొకటి. పరికరాన్ని తయారీదారు దగ్గరో అధీకృత విక్రేత దగ్గరో కొనండి. పెట్టెలో మాటలు ముందే అచ్చువేసి వస్తే అది దొంగసరుకు. 2020లో ఇలాంటి పరికరాలు తయారుచేసే లెడ్జర్ కంపెనీ ఖాతాదారుల ఇంటి చిరునామాలు బయటపడ్డాయి; తర్వాత కొందరికి కంపెనీ పంపినట్టే నకిలీ పరికరాలు పోస్టులో వచ్చాయి. పన్నెండు మాటలు కొట్టమని అడిగే ఉత్తరం, ఫోను, వెబ్‌సైటు ఏదైనా దొంగదే.

పెద్ద మొత్తం పెట్టేముందు ఒక పరీక్ష చేయండి. వాలెట్‌లో వంద రూపాయల విలువైన బిట్‌కాయిన్ వేసి, చిరునామా రాసుకుని, యాప్‌నో పరికరాన్నో పూర్తిగా చెరిపేయండి. కాగితం చూసి మాటలు కొట్టి తిరిగి తెరవండి. అదే చిరునామా, అదే వంద కనబడితే మీ రాత సరిగ్గా ఉన్నట్టు. ఈ పని చేసేవాళ్లు చాలా తక్కువ.

మీ తర్వాత ఇంట్లోవాళ్లకు ఇది దొరకాలంటే ఒక ఉత్తరం కావాలి: ఏయే నాణేలున్నాయి, ఏ వాలెట్, ఏ ఎక్స్ఛేంజీ, మాటలున్న కాగితం ఎక్కడుంది, నమ్మకంగా సాయం చేయగలవాళ్లెవరు, కొన్న తేదీలూ ధరలూ. పన్ను లెక్కకు ఆ ధరలు వారసులకూ అవసరమే. మాటలను మాత్రం ఆ ఉత్తరంలోనూ, వీలునామాలోనూ రాయకండి. వీలునామా కోర్టుకు చేరితే ఎన్నో చేతులు మారుతుంది, ఆ పేజీని ఫోనులో ఫోటో తీసుకోవడానికి రెండు సెకన్లు చాలు.