"ఎంత వస్తే చాలు సార్?"

విదేశీ చదువుల కోసం ఇంగ్లిష్ కోచింగ్‌కు వచ్చిన ప్రతి విద్యార్థీ అడిగే మొదటి ప్రశ్న ఇదే. అమీర్‌పేటలోనైనా అంతే, గుంటూరులోనైనా అంతే. ఈ పాఠాలు చెప్పి చెప్పి నా జవాబు కూడా అరిగిపోయింది: "ఎవరికి చాలాలి?"

అక్కడ ఆగిపోతారు. పరీక్ష ఫీజు కట్టేశారు, స్లాట్ బుక్ చేసుకున్నారు, కానీ ఆ స్కోరు అడుగుతున్నది ఎవరో కనుక్కోలేదు. సీటిచ్చే యూనివర్సిటీ ఒకటి, వీసా ఇచ్చే ప్రభుత్వం ఇంకొకటి. కొన్ని దేశాల్లో చదువయ్యాక వర్క్ పర్మిట్ దగ్గర మళ్లీ అడుగుతారు. ఎవరి లెక్క వాళ్లది. వీటన్నిటినీ ఒకే గాట కట్టడంలోంచే సగం అపోహలు పుడుతున్నాయి.

అపోహ: ఐఈఎల్‌టీఎస్ లేనిదే విమానం ఎక్కలేం.

అమెరికా సంగతి చూడండి. ఎఫ్-1 స్టూడెంట్ వీసాకు ఫలానా పరీక్షలో ఇంత స్కోరు ఉండాలన్న నియమం లేదు. విద్యార్థి ఇంగ్లిష్ తన కోర్సుకు సరిపోతుందో లేదో తేల్చుకునేది యూనివర్సిటీ. ఏ పరీక్ష, ఎంత స్కోరు, ఎవరికి మినహాయింపు అన్నది దాని ఇష్టం. అలాగని నిశ్చింతగా ఉండటానికీ లేదు. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ కిటికీ దగ్గర ఆఫీసర్ అడిగే రెండు మూడు ప్రశ్నలకు నోరు పెగలకపోతే చేతిలో ఉన్న స్కోరు కార్డు ఆదుకోదు. వీసా కోసం చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసొచ్చినవాళ్లకైనా అక్కడ జవాబు చెప్పుకోక తప్పదు.

అపోహ: బీటెక్ ఇంగ్లిష్ మీడియమే కదా, చదువు ఇంగ్లిష్‌లోనే సాగిందని కాలేజీ ఇచ్చే ఎంఓఐ లెటర్ చాలు.

ఇది సగం నిజం, అందుకే ఎక్కువ ప్రమాదం. బ్రిటన్‌లో డిగ్రీకీ, ఆపై చదువులకూ బీ2 స్థాయి ఇంగ్లిష్ కావాలి. అయితే మంచి రికార్డున్న ఉన్నత విద్యాసంస్థలు ఆ స్థాయిని తామే నిర్ధారించుకోవచ్చు. అందుకే అక్కడి కొన్ని యూనివర్సిటీలు మన ఇంటర్ ఇంగ్లిష్ మార్కులో, ఎంఓఐ లెటరో చూసి సీటిస్తాయి. "నో ఐఈఎల్‌టీఎస్" అని కన్సల్టెన్సీల ఫ్లెక్సీల మీద మెరిసేది ఈ వెసులుబాటే. ఏ యూనివర్సిటీ, ఏ కోర్సుకు, ఎన్నేళ్ల కిందటి చదువుకు అన్న వివరాలు మాత్రం ఫ్లెక్సీ మీద పట్టవు. అదే లెటర్ పట్టుకుని ఆస్ట్రేలియా స్టూడెంట్ వీసాకు పోతే చెల్లదు. అక్కడ స్కోరు కావాల్సిందే, పైగా 2024 మార్చి 23 నుంచి ఆ మెట్టును ఐఈఎల్‌టీఎస్ లెక్కలో 5.5 నుంచి 6కు పెంచారు. ఇక బ్రిటన్‌కే తిరిగొస్తే, అక్కడి ప్రభుత్వం పెట్టుకున్న 'ఇంగ్లిష్ మాట్లాడే దేశాల' జాబితాలో ఇండియా పేరు లేదు. మన కాన్వెంట్ల లెక్క మనది, వాళ్ల లెక్క వాళ్లది.

అపోహ: ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం మీద 6.5 వస్తే గట్టెక్కినట్టే.

వినడంలో 7, చదవడంలో 6.5, రాయడంలో 5.5, మాట్లాడటంలో 6 వచ్చాయనుకుందాం. సగటు 6.25. పావు వస్తే పై అర బ్యాండుకు జరుపుతారు కాబట్టి కార్డు మీద 6.5 అని పడుతుంది. ఇంట్లో మిఠాయిలు పంచుతారు. యూనివర్సిటీ మాత్రం "6.5, ఏ విభాగంలోనూ 6కు తగ్గకూడదు" అని షరతు పెట్టి ఉంటుంది. ఆ రెండో ముక్క చదవనివాళ్లకు సీటు లేదన్న ఉత్తరం వచ్చాక గానీ విషయం తెలియదు. తెలుగు పిల్లలకు దెబ్బ తగిలేది ఎక్కువగా రాత దగ్గరే. రెండు ప్రశ్నలుంటాయి, రెండోదాని విలువ మొదటిదానికి రెట్టింపు. మనవాళ్లు మొదటిదైన గ్రాఫును ముద్దుచేస్తూ అరగంట గడిపేస్తారు.

పరీక్ష కంప్యూటర్ మీద రాసి ఉంటే తగ్గిన ఒక్క విభాగాన్నే 60 రోజుల్లోపు మళ్లీ రాసుకునే వీలుంది. ఆ ఫీజు కట్టేముందు మీ యూనివర్సిటీ దాన్ని ఒప్పుకుంటుందో లేదో ఒక మెయిల్ పెట్టి అడగండి. అన్నీ ఒప్పుకోవు.

అపోహ: మన యాసకు మార్కులు పడవు.

నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇది. ఐఈఎల్‌టీఎస్‌లో మాట్లాడే పరీక్ష మార్కులు నాలుగు సమాన వాటాలు: తడుముకోకుండా పొంతనగా చెప్పడం, మాటల సంపద, వ్యాకరణం, ఉచ్చారణ. అంటే ఉచ్చారణది పావు వాటా. ఆ పావులోనూ చూసేది ఇంగ్లండువాడిలా పలికావా అని కాదు, విన్నవాళ్లకు శ్రమ లేకుండా అర్థమైందా అని. నెల రోజుల్లో అమెరికన్ యాస నేర్పుతామనే క్లాసులకు డబ్బు పోసేకంటే మన నోటి అలవాట్లు మనం తెలుసుకోవడం మేలు.

తెలుగు మాటకు అచ్చుతో ముగియడం ఇష్టం. అందుకే బస్ మనకు బస్సయింది, రోడ్ రోడ్డయింది, కార్ కారయింది. ఇంట్లో అది ముచ్చటే. ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు ప్రతి మాట తోకకూ ఆ ఉకారం తగిలిస్తే ఒక మాట ఎక్కడ ఆగిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో వినేవాడికి చిక్కదు. ఇంకోటి చూడండి. పడమర అనే అర్థమున్న ఇంగ్లిష్ మాటనూ, బనియన్‌కు బ్రిటిష్‌వాళ్లు వాడే మాటనూ తెలుగులో రాస్తే రెండూ 'వెస్ట్' అవుతాయి. మొదటిదానికి పెదవులు సున్నాలా చుట్టాలి, రెండోదానికి కింది పెదవికి పై పళ్లు ఆనాలి. అద్దం ముందు కూర్చుని చేసుకునే పని ఇది. తెనాలి యాస తెనాలి యాసలాగే ఉండనివ్వండి.

దీని తోబుట్టువు "తెలుగు మీడియం వాళ్ల వల్ల కాదు" అన్న మాట. కాన్వెంటు పిల్లలు మాటలో ముందుంటారు, నిజమే. రాతలో ఆ ధీమాయే కొందరిని ముంచడం చూశాను. మాట్లాడినట్టే రాసేస్తారు, మూడో వాక్యానికి మొదటి వాక్యాన్ని మర్చిపోతారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివి, రోజుకో పేజీ రాసి దిద్దించుకున్న అమ్మాయిలు వాళ్లను దాటిపోవడమూ చూశాను.

అపోహ: మెటీరియల్ బట్టీ పడితే చాలు.

మాట్లాడే పరీక్షలో ఒక కార్డిచ్చి, నిమిషం ఆలోచించుకోనిచ్చి, రెండు నిమిషాల దాకా చెప్పమంటారు. ఒకసారి 'నన్ను ప్రభావితం చేసిన గురువు' గురించి క్లాసులో చెప్పించాను. వరసగా నలుగురికి ఒకే లెక్కల మాస్టారు పాఠం చెప్పాడు. అదే కళ్లజోడు, అదే పాత సైకిల్. నలుగురివీ వేరు వేరు జిల్లాలు! ఏదో పీడీఎఫ్‌లోంచి దిగొచ్చిన మాస్టారన్నమాట. బట్టీ జవాబును పసిగట్టడం ఎగ్జామినర్ల శిక్షణలో భాగమే, దానికి మార్కులు కోస్తారు. మరోపక్క జేఈఈ అలవాటు కొద్దీ తెలియని ప్రశ్నలు వదిలేసి వచ్చేవాళ్లుంటారు. ఐఈఎల్‌టీఎస్‌లో నెగెటివ్ మార్కులు లేవు. గడి ఖాళీగా వదలొద్దు.

అపోహ: ఇంట్లో కూర్చుని రాసే పరీక్ష ఎక్కడైనా చెల్లుతుంది.

అలాంటి పరీక్షే అయిన డుయోలింగోను చాలా అమెరికన్ యూనివర్సిటీలు తీసుకుంటాయి. ఆస్ట్రేలియా వీసాకు చెల్లదు.

అపోహ: సీనియర్ చెప్పాడంటే తిరుగులేదు.

సీనియర్ చెప్పింది అతను వెళ్లిన ఏడాదికి నిజం. "టోఫెల్‌లో 100 దాటించు" అన్న సలహా 120కి లెక్క వేసిన రోజులది. 2026 జనవరి 21 నుంచి టోఫెల్ స్కోరు 1 నుంచి 6 వరకు ఉండే కొలతకు మారింది, పాత లెక్కలో ఎంతో కూడా కొన్నాళ్లు పక్కన చూపిస్తారు. కెనడా వీసా త్వరగా తేలేందుకు మనవాళ్లు నమ్ముకున్న ఎస్‌డీఎస్ పద్ధతి 2024 నవంబర్ 8న ఆగిపోయింది. ఇంకా దాని పేరు చెప్పి ఫైలు తెరిచేవాళ్లున్నారు.

అపోహ: అక్కడ డిగ్రీ చేశాక ఇంగ్లిష్ పరీక్షతో పని లేదు.

కెనడాలో రెండేళ్లు ఇంగ్లిష్‌లోనే చదివి పట్టా పుచ్చుకున్నా, ఆ తర్వాతి వర్క్ పర్మిట్‌కు మళ్లీ భాషా పరీక్ష స్కోరు చూపాలి. 2024 నవంబర్ 1 నుంచి ఇదే పద్ధతి. ఇక్కడి నుంచి తీసుకెళ్లిన కార్డుకు అప్పటికి కాలం చెల్లి ఉంటుంది, ఎందుకంటే ఐఈఎల్‌టీఎస్ స్కోరు ఆయుష్షు రెండేళ్లు. ఆస్ట్రేలియాలో చదువయ్యాక తీసుకునే 485 వీసాకైతే ఏడాదిలోపు రాసిన పరీక్షే పనికొస్తుంది.

అపోహ: పరీక్ష రాయకుండానే స్కోరు సంపాదించొచ్చు.

"మీరు రానక్కర్లేదు, డేటాబేస్‌లో ఎక్కిస్తాం" అని వాట్సాప్‌లో మెసేజ్‌లు తిరుగుతుంటాయి. డబ్బు పోవడం ఒక్కటే అయితే ఇంత చెప్పక్కర్లేదు. 2022లో కెనడా వైపు నుంచి పడవలో అమెరికాలోకి దాటబోయి, నీళ్లలో మునుగుతూ కొందరు గుజరాత్ కుర్రాళ్లు దొరికిపోయారు. ఐఈఎల్‌టీఎస్‌లో వాళ్లకు మంచి బ్యాండ్లే ఉన్నాయి. కోర్టులో జడ్జి ఇంగ్లిష్‌లో అడిగినవాటికి వాళ్లు జవాబు చెప్పలేకపోయారు. హిందీ అనువాదకుణ్ని పెట్టాల్సి వచ్చింది. ఆ బ్యాండ్లు ఎలా వచ్చాయో కనిపెట్టే పని చివరికి మెహసానా పోలీసుల మీద పడింది.