పిల్లలు దారి తప్పితే తప్పెవరిది? ఒక పాత సినిమా చెప్పిన జవాబు

"మా అబ్బాయి ఇలా అయ్యాడంటే తప్పు మాదేనా డాక్టరుగారూ?" పిల్లల గురించి మాట్లాడేటప్పుడు తల్లిదండ్రులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. కొందరు కన్నీళ్లతో అడుగుతారు. మరికొందరు "మేము ఏం తక్కువ చేశాం?" అని కోపంగా అడుగుతారు. ఎలా అడిగినా బాధ ఒక్కటే.

ఈ ప్రశ్నకు 1956లో అమెరికాలో వచ్చిన ఒక చిన్న సినిమా జవాబు చెప్పింది. ఆ జవాబులో కొంత నిజం ఉంది, కొంత పొరపాటు ఉంది. ఆ పొరపాటును ఈ రోజుకీ చాలామంది నమ్ముతున్నారు, దానివల్ల ఇంకా బాగుపడగల పిల్లలను కూడా వదులుకుంటున్నారు. అందుకే ఈసారి ఈ సినిమా గురించి, దానితోపాటు పిల్లల పెంపకంపై జరిగిన పరిశోధనల గురించి మీకు వివరించాలనుకున్నాము.

సినిమా కథ

సినిమా పేరు 'ది వయొలెంట్ ఇయర్స్'. గంట సేపు నడిచే నలుపు తెలుపు చిత్రం. చాలా తక్కువ ఖర్చుతో తీశారు. దర్శకుడు విలియం మోర్గన్. కథ రాసినది ఎడ్ వుడ్. 'ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్' అనే సినిమా తీసి, తరువాతి కాలంలో అతి పేలవమైన చిత్రాల దర్శకుడని పేరుపడిన వ్యక్తి ఈయనే.

కథానాయిక పౌలా పార్కిన్స్. బాగా డబ్బున్న ఇంటి అమ్మాయి. తండ్రి పత్రికా సంపాదకుడు, ఆయనకు ఎప్పుడూ ఆఫీసు పనే. తల్లికి క్లబ్బులు, సేవా కార్యక్రమాలు. కూతురు మాట్లాడాలని వచ్చినా తల్లికి తీరిక ఉండదు. డబ్బుకు మాత్రం ఏ లోటూ లేదు.

ఈ అమ్మాయి మరో ముగ్గురు స్నేహితురాళ్లతో కలిసి ముఠా కడుతుంది. మగవాళ్ల వేషం వేసుకుని పెట్రోలు బంకులను దోచుకుంటారు. డబ్బు అవసరమై చేసే పని కాదది, కేవలం ఉత్సాహం కోసం. పోలీసులు ఎక్కడ కాపు కాస్తున్నారో తండ్రి ఉద్యోగం ద్వారా ఇంటికి వచ్చే సమాచారంతోనే పౌలా తెలుసుకుంటుంది. ముఠా గురించిన వార్తలు వేసే ఆ తండ్రికి, ముఠా నాయకురాలు తన ఇంట్లోనే భోజనం చేస్తోందని తెలియదు.

చివరకు డబ్బు తీసుకుని ఒక పాఠశాలను ధ్వంసం చేయబోతారు. పోలీసులు రావడంతో కాల్పులు జరుగుతాయి. ముఠాలో ఇద్దరు అమ్మాయిలు, ఒక పోలీసు చనిపోతారు. పారిపోతుండగా కారు ప్రమాదంలో మూడవ అమ్మాయి మరణిస్తుంది. పౌలా బతికి శిక్ష పడుతుంది. అప్పటికే ఆమె గర్భవతి. ప్రసవ సమయంలో ఆమె కూడా చనిపోతుంది.

పుట్టిన బిడ్డను మేము పెంచుకుంటామని ఆ తల్లిదండ్రులు కోర్టును అడుగుతారు. సొంత బిడ్డనే పెంచలేని మీకు ఈ బిడ్డను ఇవ్వనని జడ్జి తీర్పు చెబుతాడు. సినిమాలోని నీతి బోధ అంతా ఆయన నోటనే వస్తుంది.

అలాంటి సినిమాలు ఎందుకు వచ్చాయి?

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అమెరికాలో బాల నేరస్థుల గురించి ప్రజలలో పెద్ద భయం కలిగింది. 1953లో ఆ దేశపు సెనేట్ దీనిపై ఒక ఉపసంఘాన్ని నియమించింది. పిల్లలు చెడిపోవడానికి బొమ్మల కథల పుస్తకాలే కారణమా అని 1954లో ఆ ఉపసంఘం విచారణ కూడా జరిపింది. 1955లో 'రెబెల్ వితౌట్ ఎ కాజ్' అనే సినిమా పెద్ద పేరు తెచ్చుకుంది. ఆ గాలిలోనే చిన్న నిర్మాతలు కూడా ఇలాంటి కథలు తీశారు. సినిమా నిండా దోపిడీ, తుపాకులు చూపించి, చివర పది నిమిషాలు నీతి చెప్పించేవారు. 1994లో ఒక అమెరికా టీవీ హాస్య కార్యక్రమం ఈ చిత్రాన్ని ఎగతాళి చేస్తూ ప్రసారం చేసింది. నటన, మాటలు చూస్తే నవ్వు రావడం సహజమే. కానీ కథలోని ప్రశ్న నవ్వులాట కాదు.

సినిమా సరిగా చెప్పినది

నిర్లక్ష్యం అంటే తిండి, బట్ట లేకపోవడం మాత్రమే అనుకుంటాము. పౌలాకు అవన్నీ ఉన్నాయి. ఆమెకు లేనిది వినే మనిషి. బిడ్డ మనసును పట్టించుకోకపోవడం కూడా నిర్లక్ష్యమేనని నేటి వైద్యశాస్త్రం చెబుతోంది. అది పూరింట్లోనూ ఉండవచ్చు, మేడలోనూ ఉండవచ్చు. తల్లిదండ్రులు మంచివారై, పదిమందికి సహాయం చేసేవారై ఉన్నా సొంత ఇంట్లో జరగవచ్చు.

సినిమాకు ఆరేళ్ల ముందే, 1950లో, షెల్డన్ గ్లూక్, ఎలినార్ గ్లూక్ అనే దంపతులు తమ పరిశోధనను ప్రచురించారు. బోస్టన్ నగరంలో నేరాలు చేసిన 500 మంది బాలురను, చేయని 500 మంది బాలురను పోల్చి చూశారు. వయసు, తెలివితేటలు, జాతి, పెరిగిన పేటలు ఇద్దరికీ ఒకేలా ఉండేటట్లు ఎంచుకున్నారు. అంటే తేడా పేదరికంలోనో పేటలోనో లేదు. వారికి ఇంట్లో కనిపించిన ముఖ్యమైన తేడాలు ఐదు: తండ్రి క్రమశిక్షణ పెట్టే తీరు, తల్లి పర్యవేక్షణ, తండ్రి ప్రేమ, తల్లి ప్రేమ, కుటుంబంలో ఐకమత్యం. ఈ పరిశోధన మగపిల్లల మీదనే జరిగింది. అయినా ప్రేమ, పర్యవేక్షణ రెండూ కలిసి ఉండాలన్న మాట తరువాత వచ్చిన పరిశోధనలలో కూడా నిలబడింది.

యుక్తవయసు పిల్లలు ముందు వెనుకలు చూడకుండా సాహసాలకు దిగడానికి శరీర సంబంధమైన కారణం కూడా ఉంది. మంచి చెడులు ఆలోచించి తొందరను అదుపు చేసే మెదడు ముందు భాగం దాదాపు 25 ఏళ్ల వరకు ఎదుగుతూనే ఉంటుంది. స్నేహితులు పక్కన ఉంటే తొందర మరీ ఎక్కువవుతుంది. ఆ వయసులో ఆ అదుపును కొంతవరకు పెద్దలే అందించాలి.

సినిమా పొరబడినది

మొదటిది, తప్పు ఎక్కువగా తల్లి మీద మోపడం. గ్లూక్ దంపతులు చెప్పిన ఐదింటిలో తండ్రికీ సమాన భాగం ఉంది. తల్లి బయటకు వెళ్లి పని చేసినంత మాత్రాన పిల్లలు చెడిపోరు. ఆమె లేని వేళలో బిడ్డను చూసే నమ్మకమైన మనిషి ఉన్నారా, ఇంటికి వచ్చాక బిడ్డతో మాట్లాడేవారు ఉన్నారా అన్నది ముఖ్యం.

రెండవది, ప్రసవంలో మరణాన్ని పాపానికి శిక్షలాగా చూపించడం. ఆసుపత్రిలో పనిచేసేవారిగా మేము దీనిని ఒప్పుకోలేము. చిన్న వయసు గర్భంలో గుర్రపువాతం, కాన్పు తరువాత ఇన్‌ఫెక్షన్లు వచ్చే ప్రమాదం ఎక్కువ. రక్తహీనత తోడైతే ప్రమాదం మరింత పెరుగుతుంది. ఇవి జబ్బులు. ముందుగా వస్తే గుర్తించవచ్చు, చికిత్స చేయవచ్చు. ఇంట్లో ఆడపిల్లకు ఇలాంటి పరిస్థితి వస్తే సిగ్గుతో దాచిపెట్టకండి. దాచిన రోజులే ప్రాణం మీదికి తెస్తాయి.

మూడవది అన్నిటికన్నా పెద్దది. ఒకసారి దారి తప్పితే ఇక అంతే అని సినిమా చెబుతుంది. నలుగురు అమ్మాయిలూ చనిపోతారు. తల్లిదండ్రులకు రెండవ అవకాశం ఉండదు. నిజ జీవితం అలా లేదు.

గ్లూక్ దంపతులు చూసిన ఆ 500 మంది నేరస్థ బాలురు తరువాత ఏమయ్యారు? రాబర్ట్ సాంప్సన్, జాన్ లాబ్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ పాత కాగితాల పెట్టెలను వెలికితీసి, అప్పటికి వృద్ధులైన కొందరిని వెతికి పట్టుకుని మాట్లాడారు. 1993లో, 2003లో పుస్తకాలు ప్రచురించారు. వారిలో చాలామంది నేరాలు మానేశారు. మంచి పెళ్లి, నిలకడైన ఉద్యోగం, పాత స్నేహాలకు దూరంగా కొత్త చోటు వంటివి జీవితాన్ని మలుపు తిప్పాయి. చిన్నతనం ఒకేలా గడిచినా చివరి రోజులు ఒకేలా లేవు.

హవాయి దీవులలో కవాయి అనే దీవి ఉంది. అక్కడ 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ అనే పరిశోధకులు దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల తాగుడు లేదా మానసిక రోగం వంటి అనేక కష్టాల మధ్య పెరిగిన పిల్లలలో కూడా దాదాపు మూడవ వంతు మంది చక్కగా ఎదిగారు. వారికి తోడు నిలిచినది ఎవరు? అమ్మమ్మ, అక్క, పిన్ని, ఉపాధ్యాయుడు, పక్కింటివారు, సంఘ పెద్ద. ఎవరో ఒక్కరైనా ఆ బిడ్డను విడువకుండా పట్టించుకున్నారు. యుక్తవయసులో తప్పటడుగులు వేసినవారిలో కూడా ఎక్కువమంది 30, 40 ఏళ్లు వచ్చేసరికి కుదురుకున్నారు.

గమనించవలసిన గుర్తులు

ఈ మార్పులలో ఏ ఒక్కటో కనిపించగానే భయపడనక్కరలేదు. రెండు మూడు కలిసి, వారాల తరబడి కొనసాగితే మాత్రం పట్టించుకోవాలి.

1. బడి ఎగ్గొట్టడం, మార్కులు హఠాత్తుగా తగ్గడం.
2. ఎక్కడివో చెప్పలేని డబ్బు, ఫోను, వస్తువులు.
3. స్నేహితుల పేర్లు దాచడం, రాత్రిళ్లు ఆలస్యంగా రావడం.
4. నిద్ర, ఆకలి మారిపోవడం, మత్తు పదార్థాల వాసన.
5. ఎవరితోనూ మాట్లాడకపోవడం, చనిపోవాలనే మాటలు, ఒంటిపై కోసుకున్న గాయాలు. ఈ చివరిది కనిపిస్తే అదే రోజు వైద్యుని వద్దకు తీసుకురండి.

ఇంట్లో మనం చేయగలిగినవి

రోజుకు ఒక్క పూటైనా టీవీ, ఫోను కట్టేసి అందరూ కలిసి భోజనం చేయండి. బిడ్డ మాట్లాడుతుంటే మధ్యలో తీర్పు చెప్పకుండా చివరిదాకా వినండి. ఎక్కడికి వెళ్తున్నావు, ఎవరితో, ఎప్పుడు వస్తావు అనే మూడు ప్రశ్నలు ప్రేమగా, కానీ తప్పకుండా అడగండి. ఇంటి నియమాలు కొన్నే పెట్టండి, పెట్టినవి అమ్మా నాన్నా ఇద్దరూ ఒకేలా పాటించండి. ఈ రోజు కొట్టి రేపు కొనిపెట్టే క్రమశిక్షణ బిడ్డను అయోమయంలో పడేస్తుంది. ఇవ్వలేకపోయిన సమయానికి బదులుగా డబ్బు ఇవ్వకండి. మీరు పొరబడి ఉంటే "నేను సరిగా చూసుకోలేకపోయాను" అని బిడ్డతో చెప్పండి. అందువల్ల మీ గౌరవం తగ్గదు.

బిడ్డ ఇప్పటికే పోలీసుల వరకు వెళ్లి ఉంటే కూడా ధైర్యం కోల్పోవద్దు. మన దేశంలో 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని వారిని పోలీసు లాకప్‌లో గానీ జైలులో గానీ ఉంచకూడదు. 24 గంటలలోగా బాల న్యాయ మండలి ముందు హాజరుపరచాలి. 16 నుంచి 18 ఏళ్ల మధ్య వయసువారు అతి తీవ్రమైన నేరం చేశారన్నప్పుడు వేరే విచారణ పద్ధతి ఉంటుంది, కానీ అక్కడ కూడా బిడ్డ బాగుపడాలన్నదే చట్టం ఉద్దేశం. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098కి, మనసుకు సంబంధించిన సలహా కోసం టెలీ మానస్ 14416కి ఫోన్ చేయవచ్చు. రెండూ ఉచితమే.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. తప్పు మాదేనా అని అడిగే తల్లిదండ్రులకు మేము చెప్పేది ఇదే: కొంత మీదై ఉండవచ్చు, అంతా మీది కాదు. ఎంత మీదో లెక్క కట్టడానికి ఈ రోజు ఖర్చు పెట్టకండి. ఆ సినిమాలో జడ్జి ముందు నిలబడిన తల్లిదండ్రులకు వినడానికి కూతురు లేదు. మీ బిడ్డ ఇంకా పక్క గదిలోనే ఉంది. ఈ సాయంత్రం వెళ్లి పక్కన కూర్చోండి. మొదటి రోజు ఏమీ మాట్లాడకపోవచ్చు. రేపు కూడా వెళ్లండి. ఒంటరిగా చేయలేమనిపిస్తే బిడ్డను తీసుకుని మా వద్దకు రండి, కలిసి మొదలుపెడదాం.