బ్రేకు ప్యాడ్ల బిల్లు: ఎంత కావాలె, ఎంత గుంజుతున్నరు?

ఇయ్యాల రేపు మన ఊర్లల్ల సెకండ్ హ్యాండ్ కారు కొనుడు పెద్ద ముచ్చటేం కాదు. పత్తి పైసలో, దుబాయ్ కెల్లి అన్న పంపిన పైసలో కూడేసి ఒక ఆల్టోనో, వ్యాగన్ ఆరో తెచ్చుకుంటున్నరు. అమ్మను దవాఖానకు తీస్కపోయేది అండ్లనే, ఆరుగురు ఇరుక్కొని పెండ్లికి పోయేది అండ్లనే. కొనేటప్పుడు ఇంజన్ జూస్తరు, టైర్లు జూస్తరు, ఏసీ సల్లగ వస్తుందా లేదా అని జూస్తరు. బ్రేకు ప్యాడు ఎంత మందం మిగిలిందని అడిగినోళ్లను మాత్రం నేను చాన తక్కువ చూసిన. ఆర్నెల్లకు ముందటి చక్రం కాడ కీచుమని సప్పుడు మొదలైతది. షెడ్డుకు పోతే ఒకడు రెండు వేలంటడు, ఇంకోడు ఆరు వేలంటడు. ఏది నిజమో తెలువాలంటె ముందుగాల పని తెలువాలె.

కాలుతోని పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్ పైపులల్ల ఒత్తుకుంట పోయి, చక్రం కాడున్న కాలిపర్‌ల పిస్టన్‌ను నూకుతది. గప్పుడు రెండు దిక్కులా ఉన్న ప్యాడ్లు నడుమున్న ఇనుప డిస్కును గట్టిగ పట్టుకుంటయ్. సైకిల్ బ్రేకుల రబ్బర్లు రిమ్మును పట్టుకున్నట్టే. గా రాపిడికి బండి ఆగుతది, ప్యాడు అరుగుతది. అరుగుడే దాని పని.

కొత్త ప్యాడు మీద రాపిడి పొర దాదాపు 10 మిల్లీమీటర్లు ఉంటది. 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటె మార్చాల్సిందే. చాన ప్యాడ్లకు ఒక చిన్న ఇనుప రేకు ఉంటది. పొర పల్చబడంగనే గది డిస్కుకు తాకి కీచుమంటది, మనకు ఖబర్ చెప్తది. మనోళ్లు కొందరు పాటల సౌండు పెంచి గా ఖబర్‌ను మూసేస్తరు. ఇంక నడిపితే పొర మొత్తం పోయి ఇనుము ఇనుము రాసుకుంటది, డిస్కు మీద గీతలు పడ్తయ్. రెండు వేలతోని అయ్యే పనికి డిస్కుల ఖర్చు కూడా మీద పడ్తది. గది పైసల ముచ్చట. బండి నిండ జనంతోని ఘాటు దిగేటప్పుడు బ్రేకు పట్టకపోతే గది పాణాల ముచ్చట.

ఇగ లెక్కకు వద్దాం. మా జిల్లాల నేను చూసిన రేట్లు చెప్తున్న, బండిని బట్టి, ఊరును బట్టి మారుతయ్. చిన్న కార్లకు ముందటి రెండు చక్రాల ప్యాడ్ల సెట్టు వెయ్యి నుంచి రెండున్నర వేల దాకా ఉంటది. బిగించే కూలి ఊరి షెడ్డుల మూడు నుంచి ఐదు వందలు, పెద్ద సర్వీసు సెంటర్ల ఇంకింత ఎక్కువ. అంటె రెండు వేలకు అటో ఇటో పని అయిపోవాలె.

మా మండలం పిలగాడు ఒకడు ఒక సర్వీసు సెంటరుకు పోతే 6,000 బిల్లు చేతుల పెట్టిన్రు. నా కాడికి తెచ్చిండు, లైను లైను చదివినం. ప్యాడ్లు 1,850. కూలి 700. బ్రేక్ క్లీనింగ్ 650. డిస్కులు లేత్ పట్టుడు 1,200. బ్రేక్ ఆయిల్ 600. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ 1,000. ప్యాడ్లు, కూలి కలిపితే 2,550. మిగిలిన 3,450 ఎందుకు? ప్యాడ్లు మారిస్తే అలైన్‌మెంట్ చెయ్యాల్సిన పనే లేదు, రెండింటికీ సంబంధం లేదు. డిస్కు మీద గీతలు పడితేనో, పెడల్ వణికితేనో లేత్ మాట రావాలె. బ్రేక్ ఆయిల్ దాదాపు రెండేండ్లకోసారి మార్చుడు మంచిదే, కానీ పోయినసారి ఎప్పుడు మార్చిన్రో అడిగి మార్చాలె. వాణ్ని ఎవ్వలూ ఒక్క మాట అడగలే.

ఇంకో మోసం కూడా ఉన్నది. మన దగ్గర తిరిగే చాన చిన్న కార్లకు ముందట డిస్కులు, ఎనుక డ్రమ్ములు ఉంటయ్. డ్రమ్ములల్ల ప్యాడ్లు ఉండయ్, బ్రేక్ షూలు ఉంటయ్. గసొంటి బండికి "నాలుగు చక్రాల ప్యాడ్లు" అని బిల్లు రాస్తే ఆన్నే పట్టుకోవాలె.

"బయట చేపిస్తే వారంటీ పోతది" అని భయపెడ్తరు. గిది కొత్త ముచ్చట కాదు. స్పేర్ పార్టులు బయటి మెకానిక్‌లకు అందకుంట చేస్తున్నరని కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టుల 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్ల జరిమానా ఏసింది. బయట రిపేరు చేపిచ్చినంత మాత్రాన వారంటీ మొత్తం తీసేస్తమని షరతు పెట్టొద్దని కూడా గా తీర్పుల చెప్పింది. కంపెనీలు దాని మీద అప్పీలుకు పోయినయ్. కానీ అడిగే హక్కు మనకున్నదన్న ముచ్చటైతే బయటపడ్డది.

గట్లని సస్తదని నాలుగు వందల డూప్లికేట్ ప్యాడ్లు ఏస్కోకున్రి. పేరున్న కంపెనీ డబ్బా మీ ముందటనే తెరిపియ్యున్రి. డబ్బా మీది ఎంఆర్‌పీల పన్నులన్నీ కలిసే ఉంటయ్, దాని మీద మళ్ల జీఎస్టీ ఏస్తే ఒప్పుకోవద్దు. 28 శాతం జీఎస్టీ ఉన్న బండి పార్టులు 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతానికి దిగినయ్. గది బిల్లుల కనవడాలె.

పని మొదలుపెట్టకముందే అంచనా కాయితం మీద రాపిచ్చుకోన్రి. ఒక్క దిక్కు కాదు, ముందటి రెండు చక్రాలకు ఒక్కసారే మార్పియ్యున్రి. పాత ప్యాడ్లు అడిగి తీస్కోన్రి, ఎంత అరిగినయో మీ కండ్లతోనే చూడున్రి. కొత్తయి ఏసినంక బండి కదిలియ్యకముందే పెడల్ గట్టిపడేదాక నాలుగైదుసార్లు తొక్కున్రి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు అవసరం పడితే తప్ప దబ్బున బ్రేకు కొట్టకున్రి.

బండి కింద పండుకొని, మసి చేతులతోని పని చేసే మెకానిక్ అన్న కాడ యాభై రూపాయలకు గీసి గీసి బేరం చెయ్యకున్రి. ఏసీ గదిల కూసొని 3,450 ఎక్కువ రాసినోణ్ని అడుగున్రి. జవాబు రాకపోతే 1915కు ఫోన్ చెయ్యున్రి, గది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగుల మాట్లాడొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌ల ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు. కిరాణం దుకాణంల ఉప్పు ప్యాకెట్ మీద రేటు రాసి ఉంటది. ప్రతి సర్వీసు సెంటర్ల ఏ పనికి ఎంత కూలో గోడ మీద బోర్డు ఎందుకు ఉండదు? గీ మాట మన ఊరి యూత్ సంఘాలే ఎత్తాలె.