రాతి నేల, మూసిన కిటికీ

ఎండాకాలం నల్లగొండలో కొత్తగా ఏసీ పెట్టించుకున్న ఇంటివాళ్లు వెంటనే చేసే పని సందులు వెతకడం. తలుపు కింద రబ్బరు పట్టీ, కిటికీకి జరిపే అద్దాలు, వెంటిలేటరుకు అడ్డంగా థర్మోకోల్ ముక్క. చల్లగాలి పోకపోతే కరెంటు బిల్లు తగ్గుతుంది. లెక్క సరైనదే. కాకపోతే గదిలో చిక్కుకునేది చల్లదనం ఒక్కటే కాదు.

మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. పన్నెండడుగుల పొడవు, అంతే వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదిలో ఇద్దరు నిద్రపోతే, సందన్నది లేకుండా మూసినప్పుడు, కార్బన్ డయాక్సైడ్ గంటకు సుమారు 600 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 600 భాగాలు) చొప్పున పెరుగుతుంది. బయటి గాలిలో ఉండేదే 420 పీపీఎం చిల్లర. తెల్లారేసరికి తల బరువెక్కడానికి నిద్ర చాలకపోవడమే కారణం కానక్కర్లేదు.

ఇంతవరకు ఏ ఊళ్లోనైనా ఒకటే కథ. నల్లగొండ, మహబూబ్‌నగర్‌ల ప్రత్యేకత కాళ్ల కింద ఉంది.

ఈ ఎత్తుపల్లాల నేలకు పునాది గ్రానైట్. బావినీళ్లలో ఫ్లోరైడ్ కలిపిందీ ఈ రాయే. ఇందులో కొద్దిపాటి యురేనియం కూడా ఉంటుంది. నాగార్జునసాగర్ జలాశయం పక్కన లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతంలోనైతే గని తవ్వాలని తలపెట్టేంత ఉంది. ఆ యురేనియం క్రమంగా రేడియం అవుతుంది, రేడియం రేడాన్ అవుతుంది. రేడాన్ వాయువు. రంగూ లేదు, వాసనా లేదు. నేల పగుళ్లలోంచి, పైపుల పక్క సందుల్లోంచి ఇంట్లోకి వస్తుంది. 3.8 రోజుల్లో అందులో సగం విచ్ఛిన్నమై, పుట్టిన కణాలు ఊపిరితిత్తుల్లో అంటుకుంటాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగాకు తర్వాత ముఖ్య కారణాల్లో రేడాన్ ఒకటి. ఇంట్లో ఘనపు మీటరు గాలికి 100 బెకరెల్స్ (రేడియోధార్మికతకు కొలమానం) దాటకుండా చూసుకొమ్మని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

అమెరికాలో ఇళ్లలోకి రేడాన్ చేరే సంగతి 1984లో విచిత్రంగా బయటపడింది. పెన్సిల్వేనియాలో కట్టడం ఇంకా పూర్తికాని అణు విద్యుత్ కేంద్రంలో ఒక ఇంజనీరు అడుగుపెట్టగానే రేడియేషన్ అలారం మోగింది. ఆయనకు ఆ రేడియోధార్మిక కణాలు అంటుకున్నది కేంద్రంలో కాదు, రేడాన్ నిండిన సొంతింట్లో!

మన దగ్గర ఉస్మానియా విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్తలు లంబాపూర్, పెద్దగట్టు చుట్టుపక్కల ఇళ్లలో రేడాన్‌ను కొలిచి 2003లో ఫలితాలు ప్రచురించారు. పరికరం చాలా సాదా: గదిలో వేలాడదీసిన చిన్న డబ్బా, లోపల ఒక ప్లాస్టిక్ ఫిల్ము. రేడాన్ విచ్ఛిన్నమైనప్పుడు వెలువడే ఆల్ఫా కణం తగిలిన చోటల్లా దానిమీద గీత పడుతుంది.

భయపడి ఇల్లు ఖాళీ చేయాల్సిన పని లేదు. గాలి ఆడే ఇంట్లో రేడాన్ నిలవ ఉండదు. నడుమ ఆకాశం కనిపించే పాత భవంతి ఇళ్లలో, పెంకుల సందున్న ఇళ్లలో గాలి తనంత తానే మారేది. చిక్కంతా ఇప్పటి కింది అంతస్తు ఏసీ గదిది. గాలి మార్పిడి సగానికి తగ్గితే రేడాన్ దాదాపు రెట్టింపవుతుంది. కిటికీలన్నీ మూసి ఎగ్జాస్ట్ ఫ్యాను ఒక్కటే తిప్పినా ముప్పే. లోపలి పీడనం తగ్గి, పగుళ్లలోంచి నేలగాలిని ఇంకాస్త లాగుతుంది.

మరి కరెంటు ఆదా వదులుకోవాలా? అక్కర్లేదు, మూత పెట్టాల్సిన చోటు వేరు. పైన మరో అంతస్తు లేని ఇంట్లో ఎండవేడి ఎక్కువగా దిగేది స్లాబులోంచి. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ విధానం ఈ లెక్కమీదే నడుస్తుంది. 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు అది తప్పనిసరి, చిన్న ఇళ్లకు ఐచ్ఛికం. ఐచ్ఛికమన్నారు కదా అని వదిలేయడం తెలివి కాదు. ఎండను తిప్పికొట్టే తెల్లపూత వేడిని ఆపుతుంది, గాలిని ఆపదు.

పూత కప్పుకు వేయించండి, నేల పగుళ్లు సిమెంటుతో పూడ్పించండి. పడుకునే ముందు ఓసారి, లేవగానే ఓసారి ఎదురెదురు కిటికీలు తెరవండి. వెంటిలేటరులోని ఆ థర్మోకోల్ ముక్కను మాత్రం ఈరోజే తీసేయండి.